హెచ్‌ఈ6కి ఆంప్ సంబంధం కుదిర్చిన వైనం

హైఫైమ్యాన్ హెచ్‌ఈ6ఎస్‌ఈ అనే హెడ్‌ఫోన్ గురించి రెండు అంకెలు తెలిసే కొన్నాను. ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, 50 ఓమ్‌లు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి పలికే శబ్దం, 83.5 డెసిబెల్స్. హైదరాబాద్‌లోనే ఒకాయన వాడినది అమ్ముతున్నారు. ఎందుకు అమ్మేస్తున్నారండీ అంటే, "దీనికి తగ్గ యాంప్లిఫయర్, అదే ఆంప్, కుదరట్లేదండీ, విసుగొచ్చింది" అన్నారు. ఆ మాట విన్నాక ఎవరైనా వెనక్కి తిరగాలి. నాకు మాత్రం ధర మరీ నచ్చింది.

ఇది ప్లానార్ రకం. ప్లానార్ హెడ్‌ఫోన్ కొత్త సరుకేం కాదు. యమహా 1976లోనే హెచ్‌పీ-1 పేరుతో ఈ పద్ధతిలో ఒకటి తెచ్చింది, దానికి రూపం దిద్దింది ఇటలీకి చెందిన మారియో బెల్లీని. మామూలు హెడ్‌ఫోన్‌లో కోను, దాని వెనక చుట్టిన తీగ ఉంటాయి. ప్లానార్‌లో అలా కాదు. పల్చటి పొర మీదే సన్నటి లోహపు గీతలు పరిచి, దాన్ని అయస్కాంతాల ఎదుట బిగిస్తారు. కరెంటు పారగానే పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. వీణ తీగ మీటిన చప్పుడూ, ఆ తర్వాత సాగే నాదమూ రెండూ విడివిడిగా వినపడేది అందుకే కావచ్చు. నేను డబ్బు పెట్టింది దానికోసమే, ఈమని శంకరశాస్త్రి గారి పాత రికార్డింగుల కోసం. ఇక్కడ చిక్కేమిటంటే, గీతలు పరిచిన ఆ పొరను కదిలించడానికి కొన్ని మోడళ్లు బోలెడంత శక్తి అడుగుతాయి. ఆ అడిగేవాటిలో హెచ్‌ఈ6 వంశం ముందు వరసలో ఉంటుంది.

అంతకుముందు నా దగ్గర హైఫైమ్యాన్ వాళ్లదే సుందర అనే హెడ్‌ఫోన్ ఉండేది. 37 ఓమ్‌లు, 94 డెసిబెల్స్. ఫోనుకు యాపిల్ డాంగిల్ (హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న అడాప్టర్) తగిలించి హాయిగా వినేవాణ్ణి. అదే డాంగిల్‌కి హెచ్‌ఈ6ఎస్‌ఈ పెడితే వాల్యూమ్ చివరిదాకా నెట్టినా వీణ పక్కింట్లో మోగుతున్నట్టే ఉంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ డాంగిల్‌ని పూర్తి వాల్యూమ్‌కి పోనివ్వవు కూడా, అది ఇంకో తలనొప్పి. అందుకని లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. కాస్త మెరుగు, అంతే.

ఇక సలహాలు మొదలయ్యాయి. "ప్లానార్‌కి కరెంటు కావాలి, వోల్టేజి కాదు" అని ఒకరు. "స్పీకర్ ఆంప్‌కే కలుపు, లేకపోతే దాని అసలు గొంతు వినపడదు" అని ఇంకొకరు. "క్లాస్-ఎ రకం ఆంప్ తప్ప వేరేది దండగ" అని మరొకరు. ఎవరి మాట వినాలో తెలియక, చేతికందినవన్నీ తగిలించి చూద్దామనుకున్నా.

మొదట దొరికింది మా బావ దగ్గరున్న ట్యూబ్ ఆంప్. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ రకం. ఆయన సెన్‌హైజర్ హెచ్‌డీ600 దాని మీద పాడుతుంటే నిజంగానే చెవులకు పండగ. నాది పెట్టి నాబ్ సగానికి తిప్పాం, ముప్పావుకి తిప్పాం.

"ఏం బావా, గొంతు నొక్కేసినట్టుంది?" అన్నాను.

"నా ఆంప్‌కి ఏ రోగమూ లేదురా. నీ హెడ్‌ఫోన్‌కే ఆకలెక్కువ" అన్నాడు.

ఇద్దరి సామానూ బాగానే ఉంది, జోడీయే కుదరలేదు. ఆయన ఆంప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ 120 ఓమ్‌ల దాకా ఉంటుంది. దాని ఎదుట 300 ఓమ్‌ల సెన్‌హైజర్ పెడితే వోల్టేజిలో నూటికి 71 వంతులు హెడ్‌ఫోన్‌కి చేరతాయి. 50 ఓమ్‌ల నా హెడ్‌ఫోన్‌కి చేరేవి 29 మాత్రమే, మిగతాదంతా ఆంప్ లోపలే ఖర్చయిపోతుంది. అంటే పదిన్నర డెసిబెల్స్ గాల్లో కలిసినట్టే. పైగా చిన్న ట్యూబులు అంత కరెంటు ఇవ్వలేక శబ్దాన్ని వంకర చేస్తాయి. ఒక్క సంగతి మాత్రం ప్లానార్ గొప్పదనమే అనాలి. దాని ఇంపెడెన్స్ మంద్రం నుంచి తారం దాకా దాదాపు ఒక్కలాగే ఉంటుంది కాబట్టి, ఎదుట ఎంత ఓమ్‌లు పెట్టినా గొంతు స్వభావం మారదు, చిన్నబోతుందంతే. హెచ్‌డీ600 లాంటి వాటికి మంద్రంలో ఇంపెడెన్స్ బాగా లేస్తుంది, అందుకే ట్యూబ్ ఆంప్ మీద అవి కాస్త బొద్దుగా పలుకుతాయి. బావకి నచ్చేది ఆ బొద్దుతనమే.

అక్కణ్ణించి వచ్చాక కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. లెక్క తెలిస్తే సగం సలహాలు వాటంతటవే రాలిపోతాయి. 83.5 డెసిబెల్స్ అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే వచ్చే శబ్దం. ప్రతి 3 డెసిబెల్స్‌కీ శక్తి రెట్టింపు కావాలి, ప్రతి 10కీ పది రెట్లు. సంగీతంలో ఒక్క క్షణం లేచే శిఖరాలకు 110 డెసిబెల్స్ చాలనుకుందాం, అంతకు మించితే చెవులకే చేటు. ఆ 110కి హెచ్‌ఈ6ఎస్‌ఈ అడిగేది దాదాపు 450 మిల్లీవాట్లు, అంటే 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు. అదే సుందరకి 40 మిల్లీవాట్లు, 1.2 వోల్టులు సరిపోతాయి. డాంగిల్ గరిష్ఠంగా ఇచ్చేది ఒక వోల్టు, కాబట్టి సుందర దాని మీద 108 దాకా వెళ్లగలిగింది, ఇది 96 దగ్గరే చతికిలబడింది.

ఖరీదు ఎక్కువైతే ఆకలీ ఎక్కువే అనుకునేవాళ్ల కోసం ఇంకో రెండు లెక్కలు కూడా వేశాను. ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ 20 ఓమ్‌లు, 103 డెసిబెల్స్. దానికి 110 రావడానికి 5 మిల్లీవాట్లు చాలు, వోల్టులో మూడో వంతు. ఫోను డాంగిలే దానికి ఎక్కువ. అటు హైఫైమ్యాన్ సుస్వర 60 ఓమ్‌లు, 83 డెసిబెల్స్, దానికి అర వాటు, అయిదున్నర వోల్టులు కావాలి. రెండూ ప్లానార్లే, రెండూ ఖరీదైనవే. కాబట్టి "ప్లానార్‌కి ఏ ఆంప్ కొనాలి" అని ఎవరైనా అడిగితే ఏ మోడలో చెప్పందే నేను నోరు విప్పను. కరెంటు కావాలి వోల్టేజి వద్దు అన్న మాట కూడా ఇక్కడే తేలిపోయింది. 50 ఓమ్‌ల మీద 4.7 వోల్టులు పెడితే 95 మిల్లీఆంపియర్లు పారి తీరతాయి, ఓమ్ సూత్రంలో ఒకటి తీసుకుని రెండోది వద్దనే వీలు లేదు.

స్పీకర్ ఆంప్ మాటకొస్తే, విజయవాడలో నాన్నగారి పాత స్టీరియో ఆంప్ ఉంది, ఒక్కో ఛానెల్‌కి 40 వాట్లు. స్పీకర్ టెర్మినళ్ల జోలికి మాత్రం పోలేదు. 8 ఓమ్‌ల మీద 40 వాట్లంటే దాదాపు 18 వోల్టులు. నాబ్ మీద చెయ్యి ఒక్కసారి జారితే హెడ్‌ఫోనూ పోతుంది, చెవులూ పోతాయి. పైగా కొన్ని ఆంపుల్లో రెండు ఛానెళ్ల నల్ల టెర్మినళ్లు కలపకూడదు, కలిపితే ఆంప్ కాలిపోతుంది. ముందున్న పెద్ద జాక్ రంధ్రంలోనే పెట్టాను. చిత్రం, అది డాంగిల్‌ని చిత్తు చేసింది. మూత తీసి చూపించిన రేడియో మెకానిక్ ఆ రంధ్రానికి వెళ్లే దారిలో ఉన్న 330 ఓమ్‌ల రెసిస్టర్లు చూపించాడు. అవి దారికడ్డంగా ఉన్నా హెడ్‌ఫోన్‌కి రెండుంబావు వోల్టులకు పైగా చేరతాయి, అంటే 104 డెసిబెల్స్. పాత సామాను ఇంట్లో ఉన్నవాళ్లు కొత్తది కొనేముందు ఆ రంధ్రం ఒకసారి ప్రయత్నించి చూడడం మంచిది. నాన్నగారు మాత్రం దాన్ని హైదరాబాద్ పంపడానికి ససేమిరా అన్నారు.

అప్పుడు ఒక స్నేహితుడు క్లాస్-ఎ ఆంప్ కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. దానితో నాకు కావాల్సిన అసలు అంకె దొరికింది. 110 అనేది కాగితం మీద లెక్క. నేను నిజంగా వినేది ఎంత? దీనికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. నా దగ్గరున్న వాటిలో అతి తక్కువ స్థాయిలో రికార్డైన వీణ కచేరీ పెట్టి, ఇంతకంటే పెంచితే ఇబ్బంది అనిపించేదాకా నాబ్ తిప్పాను. ఇక నాబ్ ముట్టుకోకుండా హెడ్‌ఫోన్ పీకేశాను. పూర్తి స్థాయిలో ఉన్న 60 హెర్ట్‌జ్ టోన్ ఒకటి కంప్యూటర్‌లో వాయించి, ఒక పాత కేబుల్ కోసి తీసిన తీగల మీద మీటరు ముళ్లు ఆనించాను. మీటరు ఏసీ వోల్టుల్లో ఉండాలి. టోను 50, 60 హెర్ట్‌జ్ దగ్గరే ఎందుకంటే, చవక మీటర్లు అంతకు బాగా పైకి పోతే అబద్ధాలు చెబుతాయి. బ్యాలన్స్‌డ్ ఔట్‌పుట్ (ఒక్కో ఛానెల్‌కి విడిగా రెండేసి తీగలుండేది) అయితే ఒకే ఛానెల్ ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య కొలవాలి, గ్రౌండ్‌తో కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ టోన్ మోగుతున్నప్పుడు హెడ్‌ఫోన్ చెవులకు ఉండకూడదు, అసలు తగిలించి కూడా ఉండకూడదు.

మీటరు 3.9 చూపించింది. అంటే 300 మిల్లీవాట్లు, శిఖరాల్లో 108 డెసిబెల్స్. ఈ కాలపు సినిమా పాటతో అదే పని చేస్తే 0.8 దగ్గరే ఆగింది. రెండిటికీ మధ్య దాదాపు 14 డెసిబెల్స్ తేడా! కొత్త పాటల్ని మొదటి నుంచి చివరిదాకా కిక్కిరిసి నింపుతారు, వాటికి నాబ్ తిప్పే పనే ఉండదు. పాత కచేరీలో వీణ ఎక్కడో కింద ఉంటుంది, తనియావర్తనంలో మృదంగం దెబ్బ మాత్రం నెత్తికెక్కుతుంది. సినిమా పాటలు పెట్టి ఆంప్ పరీక్షించి "డాంగిలే చాలు" అనేవాళ్లూ, కచేరీలు విని "చాలదు" అనేవాళ్లూ తగవులాడుకుంటుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆ క్లాస్-ఎ ఆంప్ గొంతు బాగుంది. కానీ అది పాట ఉన్నా లేకున్నా పూర్తి కరెంటు తాగుతూ వేడెక్కుతుంది. మే నెలలో బల్ల మీద అలాంటి కుంపటి పెట్టుకునే ఓపిక నాకు లేదు. దానికి తోడు లాప్‌టాప్ చార్జర్ పెడితే చెవుల్లో సన్నగా గీ మనే రొద, తీసేస్తే మాయం. ఆంప్ లోహపు పెట్టె మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమంటోంది. ఆంప్‌నే అనుమానిస్తూ కూర్చోకుండా అదే మల్టీమీటర్‌తో గోడ సాకెట్ చూశాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 సరిగ్గానే ఉంది. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, అంకె మాత్రం ఎక్కడో తొంభైల్లో ఊగిసలాడుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే మూడో రంధ్రం వెనక తీగే లేదు. అద్దె ఇల్లు మరి. ఓనర్‌ని బతిమాలి ఎర్తు లాగించాక రొద పోయింది, జివ్వుమనడం పోయింది. ఆంపులూ కేబుళ్లూ మార్చి మార్చి విసిగిపోయినవాళ్లు ముందు ఆ మూడో రంధ్రం చూడాలి.

కొనే ముందు స్పెసిఫికేషన్లలో నేను చూసింది వాట్లు కాదు, వాటి వెనకున్న వోల్టులు. జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ అనే ఆంప్ 32 ఓమ్‌ల మీద ఒక వాటు ఇస్తుంది, అంటే 5.66 వోల్టులు. నాకు కావాల్సిన 3.9కి అది చాలు. ఫియో కే7 బ్యాలన్స్‌డ్‌లో 32 ఓమ్‌ల మీద 2 వాట్లు, అంటే 8 వోల్టులు. వాట్లు రెట్టింపే గానీ చెవికి తేడా 3 డెసిబెల్సే. అయినా కే7 తీసుకున్నాను. డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే డాక్ లోపలే ఉంది, బల్ల మీద ఒక డబ్బా తగ్గుతుంది. కేబుల్ మాత్రం నాలుగు తీగలది విడిగా కొనాల్సి వచ్చింది.

స్నేహితుడి ఆంప్ తిరిగిచ్చేముందు రెంటినీ పోల్చాం. రెండిటి వోల్టేజీ మీటరుతో సమానం చేశాను, 2 వోల్టుల దగ్గర తేడా వోల్టులో నూటికి రెండు వంతులు కూడా దాటకుండా. అర డెసిబెల్ గట్టిగా ఉన్నది కూడా చెవికి "మెరుగ్గా" అనిపిస్తుంది కాబట్టి ఇది చేయకుండా పోల్చడం శుద్ధ దండగ. తమ్ముడు ప్లగ్గులు మారుస్తూ "ఇదా అన్నయ్యా, అదా?" అని అడిగాడు. గోడవైపు తిరిగి కూర్చున్న నేను చెప్పలేకపోయాను. స్నేహితుడూ చెప్పలేకపోయాడు, ఆపైన కాసేపు ముభావంగా ఉన్నాడు. ఆ ఆంప్ మీద ఆయన పెట్టింది తక్కువ డబ్బేమీ కాదు.

4 వోల్టులు చాలే పనికి 8 ఎందుకని మొదట్లో నాకూ అనిపించింది. కొద్దిరోజులకు మృదంగం ఎడమ వైపు ఇంకాస్త నిండుగా ఉంటే బాగుండని ఈక్వలైజర్‌లో మంద్రం 5 డెసిబెల్స్ లేపాను. లేపినప్పుడు డిజిటల్‌లో శబ్దం హద్దు దాటి పగలకుండా మొత్తం స్థాయిని అదే 5 డెసిబెల్స్ దించాలి. దించింది నాబ్‌తో మళ్లీ తెచ్చుకోవాలి. మీటరు పెట్టి చూస్తే అదే వీణ కచేరీకి ఇప్పుడు 6.9 వోల్టులు. కే7 గెయిన్ హైలో పెట్టుకుంటున్నాను, ఇంకా కొంచెం జాగా మిగిలే ఉంది.