చిన్న గ్లాసులు కడిగే శనివారాలు

మా క్రైస్తవ సంఘంలో నెలకొకసారి ప్రభురాత్రి భోజన సంస్కారం, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన, జరుగుతుంది. అందుకు వాడే చిన్న గాజు గ్లాసులు రెండు వందల దాకా ఉంటాయి. ద్రాక్షరసం ఆరిపోయాక వాటి అడుగున జిగురులా పట్టేస్తుంది, పెద్దవాళ్ల వేలేమో లోపలికి దూరదు. చీపురుపుల్ల కొసకు మెత్తటి గుడ్డ చుట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, ఒక్కొక్కదాన్నీ తిప్పుతూ తోమాలి. ఎన్నో ఏళ్లుగా ఆ పనంతా ఒక మామ్మగారు ఒక్కరే చేస్తూ వచ్చారు. సండే స్కూలులో పాఠాలు చెప్పే నాకే ఆ సంగతి చాలాకాలం తెలియలేదంటే, మా యువకులకు తెలియకపోవడంలో వింతేమీ లేదు.

యువతీయువకులలో దైవభక్తిగల నడవడి ఎలా ఏర్పడుతుందన్న విషయంలో నా అభిప్రాయం మారడానికి ఆ గ్లాసులే కారణం. అంతకుముందు నేను దాన్ని పెద్ద సందర్భాలలో వెతికేవాణ్ణి. 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడు, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. ఊళ్లో చెట్లన్నీ కూలిపోయి, కరెంటు లేక మోటార్లు ఆగిపోయిన ఆ రోజులలో, మా కుర్రాళ్లు ముసలివాళ్లున్న ఇళ్లకు మూడేసి అంతస్తులు ఎక్కి బిందెలతో నీళ్లు మోశారు, వీధికి అడ్డంగా పడిన కొమ్మలు నరికి పక్కకు లాగారు. ఇక వీళ్ల గురించి దిగులు పడనక్కరలేదని నేను సంబరపడ్డాను. అదే సంవత్సరం క్రిస్మస్‌కు ముందు, సంఘం ఆవరణలోని మరుగుదొడ్లు కడుగుదాం రమ్మని పిలిస్తే ఇద్దరే వచ్చారు. ఆ ఇద్దరిలో ఒకడు ముందురోజు మరిచిపోయిన చెప్పుల కోసం వచ్చినవాడు.

ఆ పిల్లలను నిందించడం నా ఉద్దేశం కాదు. తుఫాను సమయంలో వీధి వీధంతా కదులుతుంది కాబట్టి ఆ ఊపులో ఒంటికి అలసట తెలియదు. అవతలివాళ్లు చేతులెత్తి దండం పెడతారు. మరుగుదొడ్డి కడిగినవాడికి ఎవరూ దండం పెట్టరు, సాయంత్రానికి అది మళ్లీ మురికవుతుంది. సముద్రపు ఉప్పుగాలికి మా హాలులోని ఇనుప మడతకుర్చీలు తుప్పు పట్టినట్టే మనసు కూడా పడుతుందని నాకు అనిపిస్తుంది. కుర్చీలకు ఏడాదికొకసారి రంగు వేయిస్తే చాలదు, గుడ్డకు కాస్త నూనె అద్ది వారంవారం తుడుస్తూ ఉండాలి.

అందుకని శనివారం సాయంత్రాలు శుభ్రం చేసే పని పెట్టాను, పెట్టిన మొదటి నెలలోనే దాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను. పిల్లలు నేల తుడుస్తుండగా ఫొటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మరుసటి వారం చీపుళ్లు సరిపోనంతమంది వచ్చారు, ఒకరిద్దరు ఇస్త్రీ చొక్కాలు కూడా వేసుకొచ్చారు. ఇంకో రెండు వారాలకు ఫొటోల ముచ్చట తీరిపోయి అయిదుగురు మిగిలారు. అప్పటినుంచి శనివారం నా ఫోను బీరువాలో ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. వినయం నేర్పుతున్నామన్న పేరుతో చీపురు ఎవరి చేతికి ఇస్తున్నామో పెద్దవాళ్లం చూసుకోవాలి. మన దేశంలో ఆ చేతులు ఎవరివో పుట్టుకతోనే తేల్చేసిన చరిత్ర ఉంది. ఆడపిల్లలకు ఊడ్పు, మగపిల్లలకు మైకు అన్న పంపకం మా సంఘంలోనూ ఉండేది. అది మార్చి అమ్మాయిలకు మైకు, స్పీకర్లు అప్పగించినప్పుడు అబ్బాయిల కంటే వాళ్ల తల్లులే ఎక్కువ నొచ్చుకున్నారు.

యేసు శిష్యుల పాదాలు కడిగిన వృత్తాంతాన్ని మేము ఏటా మంచి శుక్రవారానికి ముందురోజు చదువుకుంటాము. ఆయన తువాలు నడుముకు కట్టుకోవడం, పళ్లెంలో నీళ్లు పోయడం యోహాను సువార్తలో ఉన్నాయి. అన్ని పాదాలు కడిగాక ఆ మురికినీళ్లు ఎవరు పారబోశారో మాత్రం లేదు. నా ఆలోచన ఎప్పుడూ ఆ నీళ్ల దగ్గరే ఆగుతుంది. ఆయన నజరేతులో వడ్రంగం చేసిన ఏళ్ల గురించి కూడా సువార్తలు దాదాపు ఏమీ చెప్పవు. మా ఊరి చరిత్రలోనూ ఇలాంటి మాట ఒకటి ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, చిన్నపిల్లల్లా తెలుగు అక్షరాలు దిద్దుకుని, ఆనందరాయర్ అనే పండితుని సహాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించారు. తమ అనువాదాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం వారిద్దరికీ కలగలేదు.

మిగిలిన ఆ అయిదుగురిలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివే అబ్బాయి ఒకడు ఉన్నాడు. మాట పడని స్వభావం, ఏ తప్పు జరిగినా పక్కవాడిమీదికి తోసేసే అలవాటు ఉన్నవాడు. మామ్మగారికి చేతులు వణకడం మొదలయ్యాక గ్లాసుల పని అతనికి అప్పగించాము. చాలా నెలలు గొణుగుతూనే చేశాడు. ఒక ఆదివారం ఉదయం ఆరాధనకు ముందే వచ్చి, మామ్మగారి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"మామ్మగారూ, నిన్న నాలుగు గ్లాసులు పగిలిపోయాయండి. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు గానీ, పగలగొట్టింది నేనే."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "నాకు తెలుస్తుంది నాయనా, నేను ప్రతి నెలా లెక్కపెడతాను" అన్నారు.

ఆ మధ్యాహ్నమే పూర్ణా మార్కెట్ అంతా తిరిగి నాలుగు గ్లాసులు కొనుక్కొచ్చాడు. అవి మిగతావాటికంటే కాస్త పొడుగు కావడంతో ట్రే మూత సరిగ్గా కూర్చోదు. నెలనెలా ఆ మూతను అటూఇటూ జరిపి కూర్చోబెట్టే పని కూడా ఇప్పుడు అతనిదే.