బైపీసీ వాళ్లకి ఇంటిగ్రల్స్ ఎందుకట

ఆదివారం భోజనాల దగ్గర బావగారన్న మాట ఇంకా అరగలేదు. రొయ్యల ఇగురు మాత్రం ఎప్పుడో అరిగిపోయింది.

"క్వాంటం కెమిస్ట్రీనా? నువ్వు బైపీసీ కదమ్మాయ్, బొమ్మలేసుకునే గ్రూపు! నీకెందుకు ఇదంతా?" అని మా ఆయన వైపు తిరిగి నవ్వారు. మా ఆయన సంగతి మీకు తెలిసిందే, వాళ్లన్నయ్య నవ్వితే ఈయనా నవ్వుతారు. నేను మజ్జిగ తెచ్చే వంకతో లోపలికి వెళ్లిపోయా. అప్పుడు చెప్పాల్సిన జవాబులన్నీ ఇప్పుడు, కావలి మొత్తం పడుకున్నాక వరసపెట్టి వస్తున్నాయి.

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు పెట్టే ఎన్‌పీటెల్‌లో ఈ క్వాంటం కెమిస్ట్రీలో చేరితే, వాళ్లు నన్ను ఏ గ్రూపని అడగలేదు. చేరడానికి పైసా తీసుకోలేదు, పరీక్ష రాస్తేనే ఫీజు. 12 వారాలు, వారం వారం అసైన్‌మెంటు. వాటిలో బాగా వచ్చిన 8 చూసి 25 మార్కులు, పరీక్షకి 75. ముందే రావాల్సినవి అన్నచోట కాలిక్యులస్ అని రాసుంది, నిజమే. రాసుంటే ఏం, రాని వాళ్లని బయటికి పొమ్మనే వాళ్లెవరూ లేరుగా.

అసలు నేను లెక్కలు రాక బైపీసీ తీసుకున్నానా? పదో తరగతి లెక్కల్లో అన్నయ్య కంటే నాకే ఎక్కువ. వాడికి ఎంపీసీ, పిల్లకి బైపీసీ అని నాన్నా పెదనాన్నా అరుగు మీద కూర్చుని తేల్చేశారు. మెడిసిన్ సీటు రాలేదు, డిగ్రీలో సీబీజెడ్, అంటే కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ. సెకండియర్లో థర్మోడైనమిక్స్. సారు బోర్డు మీద వంకర 'డి' ఒకటి గీసి, బ్రాకెట్ పెట్టి, దాని కింద మూలన చిన్నగా 'పి' అని రాశారు. ఆ 'పి' అక్కడెందుకు సార్ అని లేచి అడిగా. "అవన్నీ ఎంపీసీ వాళ్లకి తెలుస్తాయిలే. మీరు బట్టీ కొట్టండమ్మా, ఎట్టాగూ ఐదు మార్కులే" అన్నారు. చుట్టూ కిసుక్కున నవ్వులు. కూర్చున్నా, బట్టీ కొట్టా. మార్కులు బానే వచ్చాయి, అదే ఒళ్లు మండేది. ఆ బోర్డు మీది గిబ్స్-హెల్మ్‌హోల్ట్జ్ సమీకరణం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తా. పీడనాన్ని కదలనీయకుండా పట్టుకుని, ఉష్ణోగ్రత మారితే ఏమవుతుందో చూడమని ఆ 'పి' చెప్తోందని తెలిసింది మాత్రం మొన్నమొన్న. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం పడుతుందా సార్?

లెక్కలు లేకపోయినా ఏ సైన్సయినా చదివేయొచ్చు అని రాద్దామనే కూర్చున్నా. కానీ అబద్ధం ఆడలేను. కోర్సులో 'పెట్టెలో కణం' అనే లెక్క దగ్గర, అంటే బయటికి పోలేని పెట్టెలో ఇరుక్కున్న కణం దగ్గర, బండి ఆగిపోయింది. పెట్టె పొడవు ఎల్ అనుకుంటే, ఆ కణం తరంగాన్ని చెప్పే సైన్ ముందు రూట్ టూ బై ఎల్ (టూ బై ఎల్ మొత్తానికీ రూట్) అని ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఎక్కడిదది? పైపోర్షన్ వాళ్లబ్బాయి దగ్గర ఇంటర్ సెకండియర్ లెక్కల 2బి పుస్తకం అడిగి తెచ్చుకున్నా. ఆ తరంగాన్ని స్క్వేర్ చేస్తే కణం ఎక్కడ దొరకొచ్చో చెప్పే సంభావ్యత వస్తుంది. కణం పెట్టెలో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కాబట్టి మొత్తం సంభావ్యత 1. సైన్ స్క్వేర్‌ని ఒకటి మైనస్ కాస్ టూ తీటా, బై రెండు అని విడగొట్టి, సున్నా నుంచి ఎల్ దాకా ఇంటిగ్రేట్ చేస్తే కాస్ ముక్క పూర్తిగా పోతుంది. మిగిలేది ఎల్‌లో సగం. దాన్ని ఒకటి చెయ్యాలంటే ముందు రూట్ టూ బై ఎల్ ఉండాల్సిందే! పాలబిల్లు వెనకాల వేసి చూసుకున్నా. భలే అనిపించింది.

అంటే బావగారిదే రైటా? లెక్కలు కావాలి, ఒప్పుకుంటా. కానీ ఆయన లెక్కలు నేర్చుకో అనలేదు, నీకెందుకు అన్నారు. ఒంగోల్లో ఎంతమందికి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి! ఒక్క పూట కూర్చోబెట్టి చెప్పినా సరిపోయేది.

2025-26 నుంచి ఏపీ ఇంటర్లో ఎంబైపీసీ కూడా పెట్టారు, లెక్కలూ బయాలజీ రెండూ చదువుకోవచ్చు. మా స్కూల్లో పదో తరగతి పిల్లలకి చెప్తుంటే నాకే కుళ్లు పుట్టింది. మా రోజుల్లో ఉన్నా పెదనాన్న ఒప్పుకునేవారు కాదేమోలే.

వచ్చే వారం హైడ్రోజన్ పరమాణువు. స్థానం చెప్పడానికి ఎక్స్, వై, జెడ్ పోయి ఆర్, తీటా, ఫై వస్తాయట. అవి 2బిలో కూడా లేవు, ముందుకు తిప్పి చూశా. ఉన్న అవకలన సమీకరణాలైనా ఫోటోలు తీసి పెట్టుకోవాలి. పైవాడికి బుధవారం యూనిట్ టెస్టట, పొద్దున్నే పుస్తకం ఇచ్చేయమన్నాడు. ఫోన్లో చూస్తే చార్జింగ్ నాలుగు శాతం, చార్జరేమో మా ఆయన తలగడ కింద.