ఉత్తరాన సూర్యుడు, గ్లోబు మీద దారం

మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్లు మొదట అడిగేది తూర్పు ముఖమా కాదా అని. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు హాలు కిటికీలు ఉత్తరం వైపు ఉన్నాయా అని అడుగుతారు. ఇళ్ల ప్రకటనల్లో ఉత్తరపు వెలుగు సంగతి ప్రత్యేకంగా రాస్తారు, దానికి ధర కూడా పలుకుతుంది. ఇందులో వాస్తు ఏమీ లేదు, ఉన్నదంతా అక్షాంశమే. ఈ నగరం భూమధ్యరేఖకు దాదాపు 38 డిగ్రీలు దక్షిణాన ఉంది. మకర రేఖ ఉన్నది 23.4 డిగ్రీల దగ్గర. సూర్యుడు ఆ గీత దాటి ఇటు రాడు కనుక ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తరానే కనిపిస్తాడు. జూన్ చివర్లో అయితే మిట్టమధ్యాహ్నం కూడా 29 డిగ్రీల ఎత్తు దాటడు. ఆ ఏటవాలు ఎండ కోసమే ఇక్కడివాళ్ల ఆరాటం.

మా పిల్లలకు భూగోళం ఇక్కడి నుంచే మొదలుపెట్టాను. మన సంఘాల పండుగ సభల్లో దేశాలు, రాజధానుల పోటీలు పెడతారు. మంగోలియా అనగానే ఉలాన్‌బాతర్ అని చెప్పే పిల్లలకు చప్పట్లు మోగుతాయి. అదే పిల్లలను ఆరుబయట నిలబెట్టి ఉత్తరం ఎటు అని అడిగితే ఫోను కోసం జేబులు తడుముకుంటారు. ఆ పోటీలంటే నాకు పెద్ద గౌరవం లేదు. రెండు దేశాల మధ్య పెరిగేవాళ్లకు ముందు తాము నిలబడ్డ చోటు తెలియాలి. మిగతా ప్రపంచాన్ని అక్కడి నుంచి కొలుచుకోవచ్చు.

ఈ పనిలో నాకు పెద్ద దిక్కు మా మామయ్యగారు. ఖమ్మం దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి. ఇంట్లో చెంబు ఎక్కడుందో చెప్పినా దిక్కు పెట్టే చెబుతారు. "ఉత్తరం గూట్లో చూడమ్మా" అంటారు తప్ప కుడి, ఎడమ అనరు. మొన్న జూన్‌లో ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి కొన్ని రోజులు ఆయనకు ఏ దిక్కూ కుదరలేదు. సూర్యుడు తూర్పునే లేచి, ఎడమ చేతి వైపుగా జరుగుతూ పడమరకు పోతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఇక ఇలా కాదని మనవరాలిని వెంటబెట్టుకుని పెరట్లో మీటరు పొడవు చీపురు కర్ర ఒకటి నిటారుగా పాతారు. ఆ నీడ కొన పడిన చోటల్లా మా పెద్దది సుద్దముక్కతో చుక్క పెట్టింది. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న వేళ అది చూపించేది సరిగ్గా దక్షిణం. ఆ వేళ పన్నెండు గంటలకు రాలేదు, దాదాపు 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అది అడిగింది. ఇక్కడి గడియారం 150 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మనం ఉన్నది 145 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క సరిపోయింది. మన దేశపు గడియారానిది 82.5 డిగ్రీల రేఖాంశం, అది కాకినాడ దగ్గరి నుంచి పోతుంది. ఖమ్మం దానికి పడమరగా ఉంది కనుక అక్కడా నడిమధ్యాహ్నం ఓ పది నిమిషాలు ఆలస్యమే.

అదే వారంలో మబ్బు లేని రోజు చూసి ఖమ్మంలో మా మరిది కొడుకు కూడా మీటరు కర్ర పాతాడు. ఇక్కడ నీడ 1.8 మీటర్లు, అక్కడ 11 సెంటీమీటర్లు. అక్కడా నీడ దక్షిణానికే పడింది! ఇండియాలో నీడ ఉత్తరానికి పడుతుందని పుస్తకంలో చదువుకున్న మా అమ్మాయి బాబాయి కొడుకే తప్పు చేశాడని పట్టుబట్టింది. మామయ్యగారు నవ్వారు. "రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పనివాళ్లు దక్షిణపు గోడ పక్కనే కూర్చునేవాళ్లమ్మా, నీడ అటే ఉంటుంది" అన్నారు. ఖమ్మం కర్కట రేఖకు దక్షిణాన, 17.2 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా సూర్యుడు అక్కడ కూడా నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. పుస్తకం చెప్పింది ఏడాదిలో మిగతా తొమ్మిది నెలల సంగతి.

కాగితం మీద రెండు త్రిభుజాలు గీసి కోణమానినితో కొలిచాం. ఇక్కడ సూర్యుడు నడినెత్తి నుంచి 61 డిగ్రీలు వాలాడు, ఖమ్మంలో 6. తేడా 55. అట్లాసు తెరిచి ఇక్కడి 38కి అక్కడి 17 కలిపితే అదే 55. సుమారు 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీసు అనే గ్రీకు పండితుడు ఇలాంటి నీడతోనే భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. ఆ పేరు మా పిల్లలకు గుర్తుంటుందో లేదో గానీ చీపురు కర్ర మాత్రం గుర్తుంటుంది.

ఋతువుల సంగతి మరో పేచీ. వారాంతపు తెలుగు తరగతిలో ఉగాది అంటే వసంతం, చెట్లు చిగురించే కాలం అని చెబుతారు. కిటికీలోంచి చూస్తే ఆకులు రాలుతుంటాయి. ఇక్కడ మార్చి 1తో శరదృతువు మొదలు. సంక్రాంతికి ఎండలు మండిపోతుంటాయి. ఉత్తరాయణం అంటే సూర్యుడు అమ్మమ్మ ఊరి వైపు బయలుదేరాడని అర్థం, అందుకే ఇక్కడ పొద్దు తగ్గుతూ వస్తుంది. ఇంత చెబితే మా చిన్నవాడు గ్లోబును టార్చి ముందు వంచి తిప్పి తానే చూసుకున్నాడు. తరగతిలో టీచరుగారికి కూడా చూపిస్తానంటే ఆపడానికి కాస్త కష్టమైంది.

కాగితపు పటం చదవడం వేరే విద్య. ఫోను మనం ఎటు తిరిగితే అటు పటాన్ని తిప్పి పెడుతుంది, ఆ పని మెదడు చేయనక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో 1966 నుంచి మెల్‌వే అనే వీధుల పుస్తకం ఉంది. ఒకప్పుడు పుట్టినరోజు ఆహ్వానాల మీద కూడా దాని పుట సంఖ్య, గడి అక్షరం వేసేవారు. పాత సామాన్ల దుకాణంలో నాణేల ధరకు దొరికింది, కొన్నాను. 1:20,000 స్కేలు, అంటే పటం మీద 5 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. లైబ్రరీకి వెళ్లే దారి దారంతో కొలిచి, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పి, తర్వాత నడిచి చూడాలి. పటాన్ని నేల మీది ఉత్తరానికి సరిచేసి పట్టుకోవడం రావడానికి పెద్దదానికి చాలా వారాలు పట్టింది. చిన్నవాడికి రెండో రోజే వచ్చింది, అక్క ముందు దాని గురించి ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలు మాత్రం ఎవరికీ ఎక్కలేదు. ఒక సాయంత్రం చపాతీ పిండి ముద్దను పళ్లెంలో పెట్టి, ఒక వైపు నిటారుగా, మరో వైపు వాలుగా ఒత్తాను. వేలి మందం నీళ్లు పోయడం, నీటి అంచు వెంట పళ్లపుల్లతో గీత గీయడం, మళ్లీ నీళ్లు పోయడం. నీళ్లన్నీ ఒంపేసి పైనుంచి చూస్తే నిటారు వైపు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, వాలు వైపు ఎడంగా ఉన్నాయి. ఆ రాత్రి చపాతీలు లేవు, ఉప్మాతో సరిపెట్టాం. ఆ ఆదివారం మెల్‌బోర్న్ దగ్గరి డాండెనాంగ్ కొండల్లో 1:25,000 పటం పట్టుకుని ఏ దారిలో ఆయాసం తక్కువో పెద్దదే తేల్చింది. 633 మీటర్ల ఎత్తున్న మౌంట్ డాండెనాంగ్ మన తిరుమల కంటే పొట్టి అని వాళ్ల నాన్న అంటే, ఆ సంగతి పటంలో చూపించమంది.

గోడకు వేలాడే ప్రపంచ పటాలను నమ్మవద్దని వాళ్లకు చెబుతుంటాను. వాటిలో చాలావాటికి ఆధారమైన, 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు గీసిన పద్ధతి నావికుల కోసం. దిక్కు చెడకుండా ఉండాలని సైజును బలిపెట్టాడు. ఆ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా సమానంగా కనిపిస్తాయి, నిజానికి ఆఫ్రికా 14 రెట్లు పెద్దది. ఉత్తరం పైన ఉండాలన్న నియమం కూడా ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. ఈ మెల్‌బోర్న్‌వాడే స్టూవర్ట్ మెకార్థర్ 1979 జనవరి 26న దక్షిణం పైకి, ఆస్ట్రేలియా నడిమధ్యకు వచ్చేలా ప్రపంచ పటం అచ్చువేశాడు. మా ఇంట్లో అది చిన్నవాడి మంచం పక్కన ఉంది. అందులో ఇండియా తలకిందులుగా ఉందని మామయ్యగారు అంటే, మనకే అలా అలవాటైందని వాడు ఆయనకు పాఠం చెప్పాడు.

దూరాలకు గ్లోబూ దారమూ తప్ప గతి లేదు. మా వారి అక్క డాలస్‌లో ఉంటారు. గోడ పటం చూసి అమెరికా అంటే ఇండియా నుంచి అట్లాంటిక్ మీదుగా పడమరకు వెళ్లాలని పిల్లల నమ్మకం. హైదరాబాదు మీద దారం చివర వేలితో నొక్కి, బిగించి లాగి డాలస్‌కు పట్టాం. దారం రష్యా మీదుగా ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది. హైదరాబాదు 78.5 తూర్పు, డాలస్ 96.8 పడమర, కలిపితే 175, అంటే భూమికి దాదాపు ఎదురు వైపులే. ఆ దారాన్ని అలాగే తీసి మెల్‌బోర్న్ నుంచి డాలస్‌కు పెడితే ఇంచుమించు సరిపోయింది. రెండూ సుమారు 14,400 కిలోమీటర్లు. అత్తయ్యకు తాతయ్య ఎంత దూరమో మనమూ అంతే దూరమన్నమాట. పిల్లలు ఆ వెంటనే ఆమెకు ఫోను చేశారు. అక్కడ తెల్లవారుజాము మూడని రేఖాంశాల పాఠం ఆమె స్వయంగా చెప్పారు.

మామయ్యగారు వస్తూ పాత పటం ఒకటి తెచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, 2014కు ముందుది. మా ఊరు అమలాపురం, వారి ఊరు ఖమ్మం అందులో ఒకే రంగులో ఉన్నాయి. అమ్మది, నాన్నది ఒకే రాష్ట్రమా అని చిన్నవాడి ప్రశ్న. ఒకప్పుడు అవును. 2014 జూన్ 2 నుంచి కాదు. అమలాపురం కూడా అప్పుడు తూర్పు గోదావరి జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లా. కొండలు కదలవు, గీతలు కదులుతాయని మామయ్యగారు వేలితో గోదావరి వెంట చూపించారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో. పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలను అటు కలిపిన కథ చెప్పబోయి, ఆయనా మా వారూ రాజకీయాల్లోకి దిగారు. పాఠం అక్కడికి ముగిసింది.

ఈ డిసెంబరులో ఖమ్మం నుంచి అమలాపురం దాకా కారులో వెళ్లాలని అనుకుంటున్నాం. దారి కాగితపు పటం చూసి మా పెద్దది చెబుతుంది, ఫోను వాడకూడదని ఒప్పందం. ఎక్కడ రాష్ట్రం మారుతుందో, గోదావరిని ఎక్కడ దాటాలో ఇప్పటికే పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. బండి నడిపేది మా మరిది. ఆయనకు ఈ ఒప్పందం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.