పచ్చ కార్డు ఊరికి వచ్చింది, మన ఇంటి బోరుకు కాదు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ తాలూకాలో ఎవరిని అడిగినా ఒకటే మాట, మాది సొంత బోరు, నీళ్లకు ఢోకా లేదు అని. నీళ్లు పడ్డాయా లేదా అన్నంత వరకు నిజమే. తాగొచ్చా అంటే మాత్రం చాలా ఇళ్లలో జవాబు ఉండదు, బోరు వేసిన నాటి నుంచి ఆ నీళ్లను ఎవరూ పరీక్ష చేయించలేదు కాబట్టి.

మహారాష్ట్రలో తాగునీటి వనరుల చుట్టూ శుభ్రత ఎలా ఉందో చూసి గ్రామ పంచాయతీలకు కార్డులు ఇస్తారు. ప్రమాదం ఎక్కువుంటే ఎర్రది, కొంచెం ఉంటే పసుపుది, తక్కువుంటే పచ్చది. ఊరి నీళ్లు చూసుకునే జలసురక్షకుడు వచ్చి సాంపిల్ తీస్తాడు, బావిలో టీసీఎల్ పౌడర్, అంటే బ్లీచింగ్ పౌడర్ వేస్తాడు. మంచి ఏర్పాటే. కానీ ఇదంతా ఊరుమ్మడి బావి, బోరింగ్, నల్లా ట్యాంకు కోసం. మన పెరట్లో బోరు, దానికి పది అడుగుల దూరంలో లెట్రిన్ గుంత, ఇవి ఎవరి కాగితంలోనూ ఉండవు. పచ్చ కార్డు చూసి మన నీళ్లు కూడా మంచివే అనుకోవడం దగ్గరే నాకు భయం.

కంటికి తేటగా కనిపిస్తే సరిపోదు. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలి అనే, మలం నుంచి వచ్చే సూక్ష్మజీవి అసలు కనబడకూడదు, లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడ్ 1 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. కాచి తాగితే సూక్ష్మజీవులు చస్తాయి, కానీ నైట్రేట్, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోవు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. సీసా పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో నైట్రేట్ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి, అది ఎక్కువైతే వాళ్ల రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి వస్తుంది.

2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగినప్పుడు ఎక్కడెక్కడి మురికి ఎన్ని బావుల్లోకి, బోర్లలోకి దిగి ఉంటుందో ఆలోచించండి. వరద తీశాక క్లోరిన్ వేసి, మోటారుతో నీళ్లు తోడి పారబోసి, మళ్లీ పరీక్ష చేయించాకే తాగాలి.

సీల్ లేని చల్లటి జార్ తెప్పించుకుంటే తీరిపోయే బెంగ కాదిది. ఆ జార్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ ఉందా, ఆ ప్లాంటు నీళ్లు ఏ బోరువి అని అడుగుతున్నామా?

సూక్ష్మజీవుల పరీక్షకు సాంపిల్‌ను శుద్ధి చేసిన సీసాలో పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల లోపు ల్యాబ్‌కు చేర్చాలి. జిల్లా కేంద్రం గడ్చిరోలి మనకు సుమారు 200 కిలోమీటర్లు, ఒక్కో ఇంటి వాళ్లు సీసా పట్టుకుని అంత దూరం ఎలా పోతారు? ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకు టెస్ట్ కిట్లు వాడటం నేర్పించారు కదా, వచ్చే గ్రామసభలో గట్టిగా అడుగుదాం: వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇంటి బోర్లు కూడా చూడాలి, ల్యాబ్‌కు పంపాల్సిన సాంపిల్స్ పంచాయతీయే ఒక బండిలో పంపాలి.