పూనకం అంటే కాడి మోయడం

నిరుడు తొలేళ్ళ రాత్రి, అంటే సిరిమాను సంబరానికి ముందు రోజు రాత్రి, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి దర్శనానికి మూడు లాంతర్ల కూడలి దగ్గర లైన్లో నిలబడ్డాను. పక్క సందులో డీజే బాక్సులు. ఒక కుర్రాడు మైకు పట్టుకుని "పూనకాలు రావాలి, పూనకాలు!" అని అరుస్తున్నాడు. నా ముందు ఘటం ఎత్తుకుని నిలబడ్డ తల్లికి నిజంగానే అమ్మవారు వచ్చింది. చుట్టూ నలుగురు ఫోన్లు తీశారు. ఆవిడ పడిపోకుండా నడుం పట్టుకున్నది మాత్రం ఒక ముసలావిడ ఒక్కతే.

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

పూనడం అంటే మీద వేసుకోవడం, భరించడం. పనికి పూనుకున్నాం అంటాం. పట్టుదలకు పూనిక అని పేరు. ఎడ్లను బండికి పూన్చడం కూడా ఇందులోంచి వచ్చిందే. ఇప్పుడు యోగం అనే మాట తీసుకోండి. దాని ధాతువు 'యుజ్'. కలపడం, కాడికి కట్టడం. వేదంలో రథానికి గుర్రాలను కట్టే చోట వాడింది ఈ ధాతువునే. అంటే గుహలో కళ్ళు మూసుకున్న యోగి స్థితికీ, మన ఊరి సంబరంలో వేపమండలు పట్టుకుని ఊగే తల్లి స్థితికీ పెద్దలు పెట్టిన పేర్ల వెనక ఉన్నది ఒకే కాడి. సమాధి అంటే చేతులు జోడించి, పూనకం అంటే ముఖం చిట్లించే చదువుకున్నవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కాడి ఎత్తుకున్న ఎద్దు తన ఇష్టం వచ్చిన దారిన పోదు. పూనినామె కూడా అంతే. ఆ కాసేపు ఆమె నోరు ఆమెది కాదు, కాళ్ళు ఆమెవి కావు. తోలేది తల్లి.

భక్తి కలిగినవాడి గురించి నారద భక్తి సూత్రం 'మత్తో భవతి, స్తబ్ధో భవతి, ఆత్మారామో భవతి' అంటుంది. మత్తు ముందు వస్తుంది, దాని వెనకే నిశ్చలత. మనం మత్తు దగ్గరే ఆగిపోయి దానికే పూనకం అని పేరు పెట్టేశాం. ఆ రెండోది కళ్ళతో చూడాలంటే దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను చూడండి. యాభై అడుగులు దాటిన చింతమాను. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ మానును బండికి బిగించి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. కింద జనసముద్రం, పైకి ఎగిరే అరటిపళ్ళు, డప్పులు. ఆ మాను చివర పూజారి కూర్చుని ఉంటాడు. ఊగేది మాను, ఆయన కాదు. ఆ రోజు ఊరంతటిలోకీ పెద్ద పూనకం ఆయనదే అని నేను నమ్ముతాను.

శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో మా పెద్దమ్మకు సంబరంలో అమ్మవారు వచ్చేది. మామూలు రోజుల్లో మా పెదనాన్న ముందు గొంతు పెంచి ఎరగదు. నాకు పదేళ్ళప్పుడు అనుకుంటా, మా వీధికీ కింద వీధికీ బావి దగ్గర తగువై రాకపోకలు ఆగిపోయాయి. ఆ ఏడు పసుపునీళ్ళు పోస్తుంటే పెద్దమ్మ మా పెదనాన్న వైపే తిరిగి, "నా నీళ్ళకి నువ్వు అడ్డేటిరా?" అంది. ఊరంతా నిశ్శబ్దం. దిగిపోయాక మజ్జిగ తాగి, "ఏటన్నానే?" అని మా అమ్మని అడిగింది. అమ్మ చెప్పింది. పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని కింద వీధి గుమ్మాల ముందు నిలబడి, "రండమ్మా, నీళ్ళకి పోదాం" అని పిలిచింది. అప్పుడు ఆవిడ ఒంటి మీద అమ్మవారు లేదు. చేతులు వణుకుతున్నాయి.

ఈసారి మీ పక్కన ఎవరికైనా పూనితే ఫోన్ లోపల పెట్టండి. వెనక చేయి అడ్డం పెట్టండి, చెంగు జారితే సర్దండి. ఆవిడ ఏమంటుందో వినండి. దిగాక దాహం ఇవ్వండి. 'ఏమన్నాను?' అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.