నోరు ముందు, మాట వెనక: మా ఇంటి సౌండ్‌బార్ గోల

దసరా ఆఫర్లలో తెనాలి ఇంటికి ఒక సౌండ్‌బార్ పంపించాను, టీవీ సౌండ్ కోసం విడిగా పెట్టుకునే పొడుగాటి స్పీకర్ అన్నమాట. మా టీవీ గోడకి బిగించేసి ఉంటుంది, స్పీకర్లేమో కింద వెనకవైపు, నాన్నకి ఒక చెవి కాస్త తక్కువ, వాల్యూం 60 పెడితే గానీ వార్తలు అర్థం కావు, 60 పెడితే వీధి చివర టీకొట్టు వాడికి కూడా మా ఇంటి వార్తలే.

వారం తిరక్కుండా అమ్మ ఫోన్. "బానే మోగుతోంది గానీ రా, సీరియల్లో అత్తగారు నోరు మూసేశాక తిట్లు వినపడుతున్నాయి" అంది. నేను ఆఫీసులో ఉన్నా, పెద్ద తెలిసినవాడిలా బార్ రిమోట్టులో ఆడియో డిలే అని ఉంటుంది అది పెంచు అన్నా. పెంచింది. "ఇప్పుడు అత్తగారు గదిలోంచి వెళ్ళిపోయాక తిడుతోంది" అంది. అక్కడే నాకు బుర్ర వెలగాల్సింది, వెలగలేదు. డిలే అనేది సౌండ్‌ని వెనక్కి నెట్టడానికే, ముందుకి లాగడానికి కాదు. మాట ముందొచ్చి బొమ్మ వెనకబడితే దానితో సరిచెయ్యొచ్చు గానీ మాటే వెనకబడినప్పుడు డిలే పెంచితే పుండు మీద కారం చల్లినట్టే. ఈ ఒక్క ముక్క తెలీక చాలామంది వారాలు వారాలు కొట్టుకుంటారు, నేనూ అందులో ఒకణ్ణి.

సంక్రాంతికి వెళ్ళాక చూస్తే బార్ బ్లూటూత్ మీద నడుస్తోంది. డెలివరీ ఇచ్చిన అబ్బాయి పెయిర్ చేసేసి మోగించి చూపించి వెళ్ళిపోయాట్ట, డబ్బాలో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ కవర్ కూడా చింపకుండా అలాగే ఉంది. పాటలకి బ్లూటూత్ ఓకే, పాటకి బొమ్మ అక్కర్లేదు కాబట్టి ఎంత లేటైనా తెలీదు. టీవీకి అలా కాదు. సౌండ్‌ని కుదించాలి, గాల్లో పంపాలి, అవతల బార్ దాన్ని విప్పాలి, మధ్యలో తెగిపోకుండా కొంచెం దగ్గర పెట్టుకుని వదలాలి, ఇదంతా అయ్యేసరికి మామూలు బ్లూటూత్‌లో 100 నుంచి 200 మిల్లీ సెకన్లు అవుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మన టీవీ ప్రసారాల్లో సెకనుకి 25 బొమ్మలు, అంటే ఒక్కో బొమ్మ 40 మిల్లీ సెకన్లు, లెక్కేస్తే మాట 5 బొమ్మల దాకా వెనక. అమ్మ తప్పేం లేదు.

సరే కేబుల్ తీసి పెట్టా. సౌండే లేదు. ఎందుకంటే టీవీకి మూడు హెచ్‌డీఎంఐ సందులుంటే బార్‌కి సౌండ్ పంపేది వాటిలో ఒక్కటే, దాని పక్కన ఆర్క్ అనో ఈ-ఆర్క్ అనో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, గోడకి కొట్టిన టీవీ వెనక అది చదవాలంటే బల్లి జన్మ ఎత్తాలి. చివరికి ఫోన్లో టార్చ్ ఆన్ చేసి వీడియో మోడ్‌లో పెట్టి టీవీకీ గోడకీ మధ్య దూర్చి అటూ ఇటూ తిప్పి, బయటికి తీసి వీడియో ఆపి ఆపి చూస్తే రెండో సందు అని తేలింది. బార్ వైపు కూడా టీవీ అవుట్ అనో ఆర్క్ అనో రాసి ఉన్నదాంట్లోనే పెట్టాలి. ఇంకా అయిపోలేదు, టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (కేబుల్‌తో కలిపినవి ఒకదాని మాట ఒకటి వినే ఏర్పాటు) ఆన్ చెయ్యాలి, కాకపోతే ఆ పేరుతో వెతికితే దొరకదు, శాంసంగ్ వాళ్ళు ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్జీ వాళ్ళు సింప్‌లింక్, సోనీ వాళ్ళు బ్రావియా సింక్, అందరిదీ ఒకటే సంగతి, ఎవరి పేరు వాళ్ళది. అది ఆన్ అయితే టీవీ రిమోట్టుతోనే బార్ వాల్యూం కూడా పెరుగుతుంది.

(పాత టీవీకి ఆర్క్ లేకపోతే ఆప్టికల్ కేబుల్ (సౌండ్‌ని వెలుగుగా పంపేది) వాడుకోవచ్చు, మా బావ అలాగే కొన్నాడు. రెండు రోజులు సౌండ్ రాలేదని వాపసు పంపబోతే కేబుల్ కొసకి ఉండే బుల్లి ప్లాస్టిక్ టోపీ తియ్యలేదని తెలిసింది. లోపల ఎర్రగా వెలుగు కనిపించాలి, కనిపించకపోతే టోపీ చూసుకోండి.)

కేబుల్‌తో మాట వెనకబడ్డం పోయింది. ఇక పర్ఫెక్ట్‌గా సెట్ చేద్దామని రాత్రి ఏదో సినిమా వస్తుంటే ముందు కూర్చున్నా. డిలే 20 పెడితే ఒక డైలాగ్ కుదురుతుంది, తర్వాతది తప్పుతుంది, 60 పెడితే ఇంకోటి తప్పుతుంది, పిక్చర్ మోడ్‌లన్నీ మార్చా, బార్ రీసెట్ చేశా, గంట పైనే అయ్యింది. అమ్మ వంటింట్లోంచి పాలగ్లాసు తెచ్చి ఒక్క నిమిషం చూసి "అది అరవ సినిమా రా, డబ్బింగ్" అని వెళ్ళిపోయింది.

కాబట్టి చెప్పేదేంటంటే పరీక్షకి డబ్బింగ్ బొమ్మలు పనికిరావు. వార్తలు పెట్టండి. చిన్నప్పుడు ప ఫ బ భ మ అని చదువుకున్నాం కదా, పెదాలు మూయకుండా పలకలేని అక్షరాలు అవే. వార్తలు చదివేవాళ్ళు "ముఖ్యమంత్రి" అన్నప్పుడల్లా పెదాలు రెండుసార్లు మూసుకుంటాయి, ఆ మూతకీ మాటకీ కుదిరితే సెట్ అయినట్టే, మన ఛానళ్ళలో ఆ మాటకి కరువు లేదు కాబట్టి ఎంతసేపైనా పరీక్ష చేసుకోవచ్చు. ఇలా చూస్తే మాకు ఇప్పుడు మాట కొంచెం ముందొస్తోందని తేలింది. బొమ్మ స్మూత్‌గా ఉండాలని టీవీ చేసే అదనపు పని వల్ల బొమ్మ లేటవుతోంది, ఆ మోషన్ ఆప్షన్ ఆపేసి డిలే 40 పెట్టా, కుదిరింది. మాట వెనకబడితే మనం కొంత భరిస్తాం, మెరుపు తర్వాతే ఉరుము వినడం అలవాటే కదా, ముందొస్తే మాత్రం వెంటనే పట్టేస్తాం. ప్రసారాల వాళ్ళ అంతర్జాతీయ కొలతల్లో కూడా మాట ముందొస్తే 45 మిల్లీ సెకన్లకే, వెనకొస్తే 125 దాటాక తేడా తెలుస్తుందని ఉంది.

ఇంకో ఫిర్యాదు నాన్నది, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దబదబలాడుతుంది డైలాగ్ మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది అని. సెట్ టాప్ బాక్స్‌లో డాల్బీ 5.1 పెట్టి ఉంది, అంటే అయిదు స్పీకర్లకీ ఒక దబదబల (బేస్) స్పీకర్‌కీ విడివిడిగా పంచిన సౌండ్. 5.1 లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి, మాది 2.1 బార్, అంటే కుడి ఎడమ ఒక్కోటి, బేస్‌కి ఒకటి, దానికి మధ్య స్పీకరే లేదు. బాక్స్‌లోనూ టీవీలోనూ పీసీఎం స్టీరియో (కుడి ఎడమ రెండే భాగాలుగా వచ్చే మామూలు సౌండ్) చేసి బార్‌లో నైట్ మోడ్ పెట్టా, నైట్ మోడ్ అంటే పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది. ఇప్పుడు నాన్నకి వాల్యూం 25 చాలు. అందరికీ ఇదే చెయ్యమని అనను, మంచి 5.1 సిస్టం ఉన్నవాళ్ళు పీసీఎం స్టీరియో పెట్టుకుంటే డబ్బులు దండగ.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కరెంటు పోయి వస్తే చాలు, టీవీ ఒకసారి ఆన్ అవుతుంది బార్ ఒకసారి, రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు, సౌండ్ మళ్ళీ టీవీ స్పీకర్లలోకి వెళ్ళిపోతుంది. రిమోట్టుతో ఆపితే లాభం లేదు, రెండిటి ప్లగ్గులూ పీకి అయిదు నిమిషాలు వదిలెయ్యాలి, మా వాటికైతే బార్ ముందు పెట్టి టీవీ తర్వాత పెడితే కలుస్తున్నాయి. ఇది నాన్నకి చెప్పి వచ్చా. మొన్న వీడియో కాల్‌లో చూస్తే టీవీ పక్కన గోడకి పాత క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్ పెన్నుతో రాసి అంటించి ఉంది: 1. రెండు ప్లగ్గులు తీయవలెను. 2. కాఫీ తాగవలెను. 3. పొడుగుది పెట్టవలెను. 4. టీవీ పెట్టవలెను.