సగటు చెప్పని హెచ్చుతగ్గులు

టైప్ 1 మధుమేహం నాకు చిన్నతనంలోనే వచ్చింది. రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 7.8 వచ్చిందంటే ఇంట్లో అందరూ తేలికపడేవారు. అది గడిచిన రెండు మూడు నెలల చక్కెర సగటును చెప్పే అంకె మాత్రమేననీ, తెల్లవారుజామున 55కు పడిపోయిన చక్కెర, ఉదయం తిన్నాక 320కి ఎగబాకిన చక్కెర రెండూ ఆ ఒక్క అంకెలోనే సర్దుకుపోతాయనీ నాకెవరూ విడమరచి చెప్పలేదు.

ఒకరోజు చదువుకుంటుండగా ఎడమ కంట్లో సన్నని నల్లటి పోగు ఒకటి కదిలింది. చూపు తిప్పితే అదీ తిరిగేది, చూపు నిలిపితే కాసేపు తేలి నెమ్మదిగా కిందికి జారేది. కంటి వైద్యురాలు చుక్కలు వేసి, కంటిపాప విప్పారాక పరీక్షించి, కంటి వెనక తెర అయిన రెటీనా మీద కొత్తగా పుట్టిన బలహీనమైన రక్తనాళాల నుంచి కొద్దిగా రక్తం కారిందని చెప్పారు. కుడి కంటికి రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తీస్తే, రెటీనా మధ్యలో స్పష్టమైన చూపునిచ్చే మాక్యులాలో వాపు కనిపించింది. రెండు కళ్లలోనూ నాకు నొప్పన్నది లేదు. చూపు బాగున్నా సరే, టైప్ 1 మధుమేహం వచ్చిన అయిదేళ్లలోగా రెటీనా పరీక్ష మొదలుపెట్టి, ఆ తరవాత వైద్యులు చెప్పిన గడువు తప్పకుండా చేయించుకోవాలని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే.

ఎడమ కంటికి లేజర్ చేశారు. పచ్చటి వెలుగు మెరుపులు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే కంటి లోతున ఎక్కడో సలిపేది. రెటీనా అంచులను అలా కాల్చితే ఆక్సిజన్ అవసరం తగ్గి, కొత్త నాళాలు ముడుచుకుపోతాయట. కుడి కంట్లోకి వాపు తగ్గడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి సూది కన్నా ముందున్న భయమే ఎక్కువ.

హెచ్చుతగ్గులే నా కళ్లను దెబ్బతీశాయని ఏ వైద్యుడూ తేల్చి చెప్పలేదు. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న చక్కెరే ప్రధాన కారణమన్నారు. టైప్ 1 మధుమేహం ఉన్నవారి మీద జరిపి, 1993లో వెలువరించిన డీసీసీటీ అనే అధ్యయనంలో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో కొత్తగా రెటీనోపతీ (మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం) వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. అయితే ఒక్కసారిగా దించితే కొందరిలో రెటీనోపతీ మొదట్లో ముదరవచ్చని అదే అధ్యయనంలో తేలింది కనుక, మధుమేహ వైద్యుడు నన్ను తొందరపడనివ్వలేదు. సగటు సంగతి తరవాత, ముందు ఎగుడుదిగుళ్లు తగ్గిద్దామన్నారు.

చక్కెరను ఎప్పటికప్పుడు కొలిచేందుకు చేతికి పెట్టుకున్న సెన్సర్ గీసిన గీతలో నా రాత్రుళ్లు మొదటిసారి కనిపించాయి. నిద్రలో చక్కెర పడిపోవడం, కంగారులో అతిగా తినడం, దాంతో మధ్యాహ్నం దాకా దిగని చక్కెర, ఇవన్నీ ఒకే గొలుసు. రాత్రి తీసుకునే బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే) ఇన్సులిన్ మోతాదు కొద్దిగా తగ్గించారు. భోజనానికి పావుగంట ముందు ఇన్సులిన్ తీసుకోవడం, చక్కెర పడిపోతే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడడం అలవాటు చేశారు. చక్కెర 70, 180 మధ్య ఉండే సమయం మెల్లగా పెరిగి, ఇప్పుడు 70 శాతం దాటింది. అప్పటిదాకా కొత్త కళ్లద్దాలు రాయనన్నారు వైద్యురాలు. చక్కెర మారినప్పుడల్లా కంటి కటకం ఉబ్బి, అద్దాల పవరే మారిపోతుందట.

కుడి కంటి వాపు తీసింది. ఎడమ కంట్లో రక్తం ఇంకిపోయింది. లేజర్ వల్ల మసక వెలుతురులో చూపు కొంత తగ్గింది కాబట్టి, చీకటి పడ్డాక బండి నడపడం మానేశాను.